39 ఏళ్ళ ఫ్లూరీకి ఇంకో కాంట్రాక్టా, 21 ఏళ్ళ వాల్‌స్టెడ్‌కి నెట్టా?

ఇగ్లూలో_ఇడ్లీ
14 ఏప్రిల్ 2024

ఉగాది నాడు పచ్చడి తిని టీవీ ముందు కూర్చుంటే చేదు ఒక్కటే నోట్లో మిగిలింది. కొలరాడోలో 5-2తో ఓడాం, మన ఐస్ హాకీ జట్టు మినెసోటా వైల్డ్‌కి ప్లేఆఫ్స్ దారి మూసుకుంది. దాని గురించి ఏడవాలనుకునేవాళ్ళు వేరే చోట ఏడవండి. ఇక్కడ నేను అడిగేది ఒక్కటే: మన గోలీ (గోల్‌కీపర్) ఫ్లూరీని ఇంకో ఏడాది ఉంచుకోవాలా, వద్దా?

ఈ మధ్యే హాకీ చూడటం మొదలుపెట్టినవాళ్ళ కోసం కాస్త చెప్తాను. మార్క్-ఆండ్రే ఫ్లూరీ 2003 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే చోట) మొట్టమొదటి పేరు. పిట్స్‌బర్గ్‌తో మూడు స్టాన్లీ కప్పులు, అంటే లీగు టైటిళ్ళు (2009, 2016, 2017). 2021లో వెజినా ట్రోఫీ, అంటే ఆ ఏటి మేటి గోలీ. మొన్న జనవరి 15న ఐలాండర్స్ మీద 5-0 షటౌట్‌తో (అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా) 552వ గెలుపు కొట్టి ప్యాట్రిక్ రువాని దాటాడు. ఇక పైన ఉన్నది 691 గెలుపులతో మార్టిన్ బ్రొడూర్ ఒక్కడే. ఏడాదికి 35 లక్షల డాలర్ల చొప్పున రెండేళ్ళకి రాసిన కాంట్రాక్టు ఈ వేసవితో అయిపోతుంది.

ఇటు చూస్తే యెస్పర్ వాల్‌స్టెడ్. స్వీడన్ కుర్రాడు. 2021 డ్రాఫ్టు మొదటి రౌండులో 20వ పేరుగా మనమే తీసుకున్నాం. ఐయోవాలో మన కింది జట్టుకి ఆడుతున్నాడు. పైకి పిలిస్తే పోయిన ఆదివారం షికాగోలో 4-0 షటౌట్, నిన్న సాన్ హోసేలో 6-2 గెలుపు. వీళ్ళిద్దరి మధ్య మన ఇంకో గోలీ ఫిలిప్ గుస్తావ్‌సన్ ఉన్నాడు, ఏడాదికి 37.5 లక్షలు, ఇంకా రెండేళ్ళ కాంట్రాక్టు మిగిలుంది.

నా ఓటు కుర్రాడికి. ఫ్లూరీ అంటే నాకూ ప్రాణమే, ఇంట్లో 29 నంబరు జెర్సీ ఉంది. కానీ ఈ సీజన్‌లో అతను ఆపింది వందకి 89.5 షాట్లు. లాకర్ రూంలో అందరినీ నవ్వించినందుకా మనం డబ్బులిచ్చేది?

పాతకాపు_పిట్స్‌బర్గ్
14 ఏప్రిల్

తమ్ముడూ, ఈ పంచాయితీ నేను ఒకసారి చూసేశాను. 2017లో. అప్పట్లో పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లో ఉండేవాళ్ళం. ఆదివారం పులిహోర ప్రసాదం కోసం వరసలో నిలబడ్డా ఇదే గొడవ: ఫ్లూరీనా, మరీనా? (మ్యాట్ మరీ, అప్పటి మా కుర్ర గోలీ. పేరులోనే "మరీ" ఉందని మా బావమరిది జోకు.)

2016లో ఫ్లూరీ తలకి దెబ్బ తగిలి పక్కకి జరిగితే మరీ వచ్చి కప్పు గెలిపించాడు. 2017లో కథ తిరగబడింది. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్ వార్మప్‌లోనే మరీకి గాయం. కొలంబస్‌ని, వాషింగ్టన్‌ని దాటించింది ఫ్లూరీ. వాషింగ్టన్ మీద ఏడో మ్యాచ్ వాళ్ళ ఊళ్ళో, 2-0 షటౌట్. తర్వాత ఒట్టావాతో ఒక మ్యాచ్‌లో చితికిపోయాడు, మళ్ళీ మరీ వచ్చాడు, ఫైనల్లో నాష్‌విల్ మీద చివరి రెండూ షటౌట్లు. ఐస్ మీద కప్పు అందుకున్న ఫ్లూరీ దాన్ని తన చేతులతో మరీకి ఇచ్చాడు. ఇక్కడ నా పని అయిపోయింది, ఇక నీదే అన్నట్టు. నెల తిరక్కుండానే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్టు (కొత్త జట్టు మిగతా జట్లనుంచి ఆటగాళ్ళని తీసుకోవడం), మనవాడు వేగస్‌కి. పుట్టిన ఏడాదే ఆ జట్టుని ఫైనల్‌కి తీసుకుపోయాడు.

మరీ సంగతేమిటంటారా? గాయాలు, నిలకడ లేని ఆట. 2020 అక్టోబరులో ఒట్టావాకి పంపేశారు.

దీన్నిబట్టి కుర్రాణ్ణి నమ్మకూడదని కాదు నేననేది. మరీ రెండు కప్పులు గెలిచినప్పుడూ పక్కన ఫ్లూరీ ఉన్నాడు. ఆ పక్క ఖాళీ అయ్యాక ఏమైందో చూశాం. గోలీల సంగతి ముందే చెప్పగల జ్యోతిష్కుడు ఇంకా పుట్టలేదు. పాతికేళ్ళకే అయిపోయేవాళ్ళూ ఉన్నారు, 36 ఏళ్ళకి వెజినా కొట్టినవాడు మన కళ్ళ ముందే ఉన్నాడు.

పాలమూరోడు
14 ఏప్రిల్

అన్నా, కథ మస్తు చెప్పినవ్, కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. కానీ పోయినేడు ప్లేఆఫ్స్‌ల డాలస్‌తోని ఏమైందో మర్చిపోయిన్రా? మొదటి మ్యాచ్‌ల గుస్తావ్‌సన్ 51 షాట్లు ఆపిండు, రెండో ఓవర్‌టైంల గెలిచినం. రెండో మ్యాచ్‌కి ఏం జేసిన్రు? వేడి మీదున్నోణ్ణి బెంచి మీద గూసోబెట్టి, పెద్దాయన గదా అని ఫ్లూరీని దించిన్రు. ఏడు గోల్స్. 7-3. ఆ దెబ్బకి సిరీసే చేజారింది.

తప్పు ఫ్లూరీది కాదు, నాకెరుకే. పెద్ద పేరు బెంచి మీదుంటే కోచ్‌కి చెయ్యి ఊకుండది, అదీ నా బాధ. ఈవాసన్ పోయి హైన్స్ వచ్చిండు, గీయనకైతే చెయ్యి ఊకుంటదా?

మాహీ_మినియాపొలిస్
14 ఏప్రిల్

ధోనీని చూడండి బాబూ. 42 ఏళ్ళు. పోయిన నెలే కెప్టెన్సీ రుతురాజ్‌కి ఇచ్చేసి తాను మాత్రం జట్టులోనే ఉన్నాడు. అలా పక్కనుండి నేర్పితే తప్పేంటి?

గోదారి_గట్టు
14 ఏప్రిల్

అయ్యా, ధోనీ చివర్లో వచ్చి నాలుగు బంతులు ఆడి వెళ్ళొచ్చండి. గోలీకి ఆ వీలుంటుందా? అరవై నిమిషాలూ ఒక్కడే నిలబడాలి, ఒక్క తప్పు జరిగితే గోల్ పడి వెనక ఎర్రలైటు వెలుగుతుంది. క్రికెట్‌ని ప్రతిదాంట్లోకీ లాక్కురాకండి బాబూ.

డిమోయిన్_బావ
14 ఏప్రిల్, రాత్రి

నేను ఐయోవాలో ఉంటాను. ఈ చర్చలో వాల్‌స్టెడ్‌ని ఎదురుగా కూర్చుని చూసింది నేనొక్కణ్ణేనేమో. ఈ సీజన్‌లో పది పన్నెండు మ్యాచ్‌లు చూసుంటాను. టికెట్టు చవక, పార్కింగ్ సులువు, మా పాప కూడా అలవాటుపడింది.

కుర్రాడి గొప్పతనం ఏమిటంటే కంగారు లేదు. ఫ్లూరీ పిల్లిలా గెంతుతాడు, కాళ్ళు చాచి పడుకుని ఆపుతాడు, చూడ్డానికి పండగ. వాల్‌స్టెడ్ చూడ్డానికి చప్పగా ఉంటాడు. పక్ వచ్చే చోట ముందే ఉంటాడు, వచ్చింది పొట్టలో దాచేసుకుంటాడు, రీబౌండ్ బయటికి రాదు. అతని ముందున్న జట్టు మాత్రం దేవుడికే ఎరుక. ఈ ఏడు ఐయోవా అడుగున పడి ఉంది, అలాంటి జట్టు వెనక నిలబడి కూడా వందకి 91 ఆపాడు.

ఇక అసలు మాట. ఇంత మెచ్చుకుంటున్న నేనే అంటున్నాను, ఫ్లూరీని ఉంచండి. జనవరిలో గుస్తావ్‌సన్‌కి గాయమైతే వాల్‌స్టెడ్‌ని పైకి పిలిచారు. డాలస్‌లో మొదటి మ్యాచ్, ఏడు గోల్స్ పడ్డాయి. మళ్ళీ ఐయోవాకి వచ్చాక మామూలు మనిషి కావడానికి ఎన్ని మ్యాచ్‌లు పట్టిందో నేను చూశాను. అయినా కోలుకున్నాడెందుకు? ఇక్కడ వారానికి రెండుసార్లు నెట్‌లో నిలబడ్డాడు కాబట్టి. అదే వైల్డ్ సొంతూరు సెయింట్ పాల్‌లో గుస్తావ్‌సన్ వెనక రెండోవాడిగా ఉంటే ఆ ఏడు గోల్స్‌ని తలుచుకుంటూ రెండు వారాలు బెంచి మీద ఉండేవాడు. వాల్‌స్టెడ్‌కి ఇంకా వేవర్స్ (కిందికి పంపితే వేరే జట్టు లాక్కోగల రూలు) బెడద లేదు, వచ్చే ఏడు కూడా కిందికీ పైకీ ఎన్నిసార్లు తిప్పినా ఎవరూ ఎగరేసుకుపోలేరు. ఆ వెసులుబాటు ఉన్నప్పుడు వాడుకోవాలి కదా.

ఇగ్లూలో_ఇడ్లీ
15 ఏప్రిల్

బావా, నీ మాట కొట్టెయ్యలేను గానీ, అదే లెక్కయితే కుర్రవాళ్ళకి ఎప్పటికీ టైం రాదు. న్యూయార్క్ రేంజర్స్‌ని చూడు. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ అంటే ఆ ఊరికి దేవుడు. 2020లో గుండె రాయి చేసుకుని బయౌట్ చేశారు, అంటే కాంట్రాక్టు మధ్యలోనే కొంత డబ్బు ఇచ్చి పంపేశారు. షెస్టెర్కిన్‌కి నెట్ ఇచ్చారు, 2022లో అతనే వెజినా. ఆ రోజు "ఇంకో ఏడాది పెద్దాయన ఉంటే పోయేదేముంది" అనుకుని ఉంటే?

పాతకాపు_పిట్స్‌బర్గ్
15 ఏప్రిల్

షెస్టెర్కిన్‌కి అప్పటికి 24 ఏళ్ళు తమ్ముడూ. రష్యాలో పెద్ద లీగులో ఏళ్ళ తరబడి ఆడి వచ్చాడు. 21 ఏళ్ళ వాడితో పోలికేంటి?

ఇంకోటి. మన గోలీల లెక్కలు చూసి తిట్టేముందు వాళ్ళ ముందు ఎవరున్నారో కూడా చూడండి. డిఫెన్స్ ఆడే కెప్టెన్ స్పర్జన్ ఈ ఏడు ఆడింది 16 మ్యాచ్‌లే, తర్వాత ఆపరేషన్లు. గుస్తావ్‌సన్ పోయినేడు వందకి 93.1 ఆపి లీగులో రెండోవాడుగా నిలిచాడు, ఈ ఏడు 89.9. ఒక్క ఏడాదిలో ఆట మర్చిపోయాడా?

చిత్తూరక్క
15 ఏప్రిల్

నిన్నట్నుంచి చదివి ఊరుకుంటా ఉన్నా, ఇప్పుడు చెప్పాలనిపించింది. నేను కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకి గడ్డి హాకీ ఆడినా, ప్యాడ్లు కట్టింది గోల్ ముందరే. కాబట్టి రెండో గోలీ బాధ ఏందో నాకు తెలుసు.

మా జిల్లా రజని పేరు విన్నారా? భారత మహిళల జట్టు గోల్‌కీపర్. ఆడపిల్లకి హాకీ ఏంది అనే ఊర్లనుంచి ఇండియా జెర్సీ దాకా పోయింది. కానీ అదే కాలంలో సవితా పునియా ఉండాది. టోక్యో ఒలింపిక్స్‌కి రజని పోయింది రిజర్వు గోలీగా. సవిత అక్కడ గోడ మాదిరి నిలబడింది, ఆమెని తీసేయమని ఏ కోచ్ అంటాడు? ఎవరిదీ తప్పు కాదు. కానీ ఫార్వర్డ్ అయితే చివరి పది నిమిషాలైనా మైదానంలోకి పోతాడు, గోలీకి అదీ ఉండదు. ఏళ్ళకేళ్ళు ప్రాక్టీసులో మాత్రమే షాట్లు ఆపడం మనిషిని ఏం చేస్తాదో బయటోళ్ళకి అర్థం కాదు.

అందుకే డిమోయిన్ తమ్ముడు చెప్పిందే నాకు సబబుగా ఉండాది. కుర్రోడిని ఐయోవాలో ఆడనియ్యండి, పైన ఉత్తినే కూర్చోబెట్టవద్దండి. కాకపోతే ఒక తేదీ పెట్టుకోండబ్బా. 2025 అక్టోబరుకి నెట్ వాడిదే అని ఇప్పుడే వాడితో చెప్పండి. తేదీ లేని ఎదురుచూపే చంపేస్తాది.

పాలమూరోడు
15 ఏప్రిల్

అక్కా, గీ మాట మంచిగుంది. తేదీ పెట్టుర్రి, అప్పుడు నేనూ ఒప్పుకుంట.

కానీ పైసల ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. మన పాత ప్లేయర్లు పారిసే, సూటర్ ఇద్దర్నీ 2021ల బయౌట్ జేసినందుకు వచ్చే ఏడు కూడా 1.47 కోట్ల డాలర్ల క్యాప్ (జట్టు జీతాలకున్న పరిమితి) ఉత్తగనే పోతది. ఆడనోళ్ళకి గంత కడుతున్నం! గసుమంటప్పుడు రెండో గోలీకి 35 లక్షలా? వాల్‌స్టెడ్‌కి అయ్యేది పది లక్షల లోపే. మిగిలిన పైసలతోని మూడో లైనుకి (ఫార్వర్డ్‌ల మూడో వరసకి) ఒక మనిషి వస్తడు.

గోదారి_గట్టు
15 ఏప్రిల్

అంత పైసల గోలైతే గుస్తావ్‌సన్‌నే అమ్మేయొచ్చు కదండీ. 37.5 లక్షలు మిగుల్తాయి, చేతికి డ్రాఫ్టులో ఒక పిక్కో, ఆటగాడో వస్తాడు. ఫ్లూరీ 35 మ్యాచ్‌లు, వాల్‌స్టెడ్ 45. పెద్దాయన సెలవు తీసుకున్నట్టూ ఉంటుంది, కుర్రాడు నెట్ ఎక్కినట్టూ ఉంటుంది. ఇది ఎవరికీ తట్టలేదేంటో.

పాతకాపు_పిట్స్‌బర్గ్
15 ఏప్రిల్

తట్టకేం, భయమేసి అనలేదు. 39 ఏళ్ళ నడుము ఒకటి, మూడే మ్యాచ్‌ల అనుభవం ఒకటి. ఫ్లూరీ డిసెంబరులో జారిపడ్డాడనుకోండి, అప్పుడు గోలీ కోసం బజారున పడాలి. మధ్యవయసు వాడొకడు ఉండాల్సిందే.

ఇగ్లూలో_ఇడ్లీ
16 ఏప్రిల్

అందరూ నన్నే అటూ ఇటూ లాగుతున్నారు. ఒకటి మాత్రం ఒప్పుకుంటా: అక్క చెప్పిన "తేదీ" మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. నాకు ఇంకా ఉన్న అనుమానం జీఎం (మన జట్టు జనరల్ మేనేజర్) మీద. బిల్ గేరిన్, ఫ్లూరీ 2009లో పిట్స్‌బర్గ్‌లో కలిసి కప్పు గెలిచినవాళ్ళు. స్నేహితుడికి "వద్దు" అని చెప్పడం ఎంత కష్టమో మనకి తెలీదా? పెళ్ళి భోజనాల కాంట్రాక్టు కూడా మనం తెలిసినవాడికే ఇస్తాం, పప్పులో ఉప్పు తక్కువైనా.

డిమోయిన్_బావ
17 ఏప్రిల్

వచ్చేసింది కబురు! ఫ్లూరీతో ఒక్క ఏడాదికి సంతకం. 25 లక్షల డాలర్లు.

పాలమూరోడు
17 ఏప్రిల్

పది లక్షలు తగ్గించిన్రు. ఇగ నాకు తిట్టనీకి సగమే మిగిలింది 😄

పాతకాపు_పిట్స్‌బర్గ్
17 ఏప్రిల్

ఇదే ఆఖరి సీజన్ అంటున్నాడు. అక్కా, మీ తేదీ అతనే పెట్టేశాడు. ఇంకో ఏడాది ఆ పిల్లి గెంతులు చూడొచ్చు. మా ఆవిడ అప్పుడే వచ్చే ఏడు పిట్స్‌బర్గ్‌లో వైల్డ్ మ్యాచ్ ఎప్పుడో చూడమంటోంది.

చిత్తూరక్క
17 ఏప్రిల్

ఆయన తేదీ ఆయన పెట్టుకున్నాడు సరే. ఆ కుర్రోడికి ఎవరైనా చెప్పినారా?

ఇగ్లూలో_ఇడ్లీ
17 ఏప్రిల్

అదే నేనూ అనుకుంటున్నా. నా ఓటు మారలేదు, ఓడిపోయానంతే. బావా, అక్టోబరులో ఒక శనివారం మీ ఊరొస్తాను, 35వ రహదారి మీద నాలుగు గంటల్లోపే. వాల్‌స్టెడ్ నెట్‌లో ఉన్న రోజు చూసి టికెట్లు తీసి ఉంచు. పులిహోర నేను తెస్తా.