పింగాణిలో ‘ణ’ ఎక్కడిది?

ప్రశ్న: శ్రీనాథుడి హరవిలాసంలో వర్తకుడు అవచి తిప్పయసెట్టి తెప్పించిన సరుకుల సీసపద్యం రెండు రోజులుగా నోట్లో ఆడుతోంది. చీనా దగ్గరికి వచ్చేసరికి నాకు ‘పింగాణి’ అనే వినిపిస్తోంది. మ్యూజియంలో గొడుగు దొరసాని బొమ్మ ఉన్న టీ గిన్నె, సాసరు చూసినప్పటి నుంచీ ఇదే ధ్యాస. పద్యంలో ఆ మాట ఉందా?

మాస్టారు: లేదమ్మా. చీనా నుంచి వచ్చినవి చీనాంబరాలు, పట్టుబట్టలు. పింగాణి పారసీ ‘పింగాన్’, అంటే గిన్నె. ఆ నకారం మన నోట ణకారం ఎందుకయిందో తేల్చాలి.

బందరు వాసి: కన్నడంలోనూ పింగాణియే, మలయాళంలో పిఞ్ఞాణం. తమిళం మాత్రం పీంగాన్ దగ్గర ఆగింది. రేవుల్లో అరబ్బు వర్తకుల ‘ఫింజాన్’ నుంచి వచ్చిందని నా నమ్మకం.

మాస్టారు: అలాగైతే మన ‘గ’ ఎక్కడిది? మలయాళం ‘ఞ్ఞ’లో అరబ్బీ ‘జ’ ఉందంటే ఒప్పుకుంటాను. మనది పారసీయే.

అక్కయ్య: అక్షరం సరే, అర్థం చూడండి. పాత్ర పేరు మన దగ్గర మట్టి పేరయింది. ‘పింగాణి గిన్నె’ అంటే గిన్నె గిన్నె! ఇరాన్‌లో అడుగున చిల్లు పెట్టిన పింగాన్‌ను నీళ్లలో వదిలి, అది మునిగే వ్యవధితో పొలాలకు నీటి వంతులు లెక్కకట్టేవారు. మన ‘గడియ’ కూడా ఘటిక అనే గిన్నె నుంచే కదా.

ప్రశ్న అడిగినవారు: నేను చూసిన గిన్నెకు పిడి లేదు. అందుకే కప్పు అనబుద్ధి కాలేదు. దొరసాని మీద దాసి గొడుగు పట్టింది, ఎదుట నీటి పక్షులు. 1734లో డచ్చి ఈస్టిండియా కంపెనీ చిత్రకారుడు కొర్నేలిస్ ప్రోంక్‌ను నమూనాల కోసం పనిలో పెట్టుకుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని ఆయన ఊహించిన చైనాను చైనా కుంచెలే పింగాణి మీదికి ఎక్కించాయి. జపాను పనివారు అదే దొరసానికి కిమోనో తొడిగారు. ఖర్చు తడిసి మోపెడై కంపెనీ తర్వాత మానుకుంది.

బందరు వాసి: బొమ్మ అద్భుతం. మీ చెవి ఎక్కడ తప్పిందో దొరికింది! ఆ సీసంలోనే గట్టాణిముత్యాలున్నాయి. ఆ ‘ట్టాణి’ దగ్గరలోనే ఉన్న చీనాతో కలిసి మీకు పింగాణి అయింది. మన ‘ణ’ కూడా అలాంటి మాటల పోలికతోనే వచ్చి ఉండాలి.

మాస్టారు: గట్టాణి అంటే గట్టి, ఆణి. పింగాణిలో ఆణి ఎక్కడుంది నాయనా?

అక్కయ్య: మాస్టారూ, ఆణిముత్యంలో ఆణి అంటే గుండ్రనా, మేలైనదా? ముందు అది చెప్పండి.