మేనేజర్ల అరుపులు ఆపడానికి ఏడాదికో ట్రైనింగ్ సరిపోతుందా?

ప్రశ్న:
180 మంది ఉన్న కంపెనీ. మేనేజర్లు అరవడం, టీమ్ గ్రూపులో చిన్నబుచ్చడం ఆగేలా ఏదైనా చెయ్యమని యాజమాన్యం అడిగింది. పోష్ కమిటీ (లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసేది) ఎలాగూ ఉంది. దానికే అప్పజెప్పి, ఏడాదికోసారి ట్రైనింగ్ పెడితే చాలదా?

జవాబు 1:
చాలదండీ. పోష్ కమిటీ 2013 చట్టం కింద లైంగిక వేధింపులకే. మిగతా ఫిర్యాదులను "మా పరిధి కాదు" అని తిప్పి పంపుతుంది. ఈలోగా ఫిర్యాదు చేసినవారి పేరు ఫ్లోరంతా తెలిసిపోతుంది. మామూలు బుల్లీయింగ్‌కు మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు, కాబట్టి మీ పాలసీలో రాసుకున్నదే దిక్కు. (నలుగురి ముందు కులం పేరుతో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని అవమానిస్తే 1989 చట్టం కింద క్రిమినల్ కేసు కావచ్చు. దాన్ని హెచ్ఆర్ టేబుల్ దగ్గర రాజీ చెయ్యాలని చూడకండి.)

పాలసీలో "గౌరవంగా మెలగాలి" అని రాస్తే ఎవరికీ తగలదు. చేసే పనులే రాయండి: రాత్రి 11కి మెసేజ్ పెట్టి పొద్దున స్టాండప్ మీటింగ్‌లో "ఇంకా చూడలేదా" అని నిలదీయడం, మీటింగ్ ఇన్వైట్‌లోంచి పేరు తీసేయడం, చేస్తున్న పని చెప్పకుండా లాగేసుకోవడం. తప్పు చూపించడం, గడువు గుర్తుచెయ్యడం వేధింపు కాదని కూడా రాయాలి. లేకపోతే మేనేజర్లు మొదటిరోజే ఎదురు తిరుగుతారు.

జవాబు 2:
ముందు కొలవండి. "మిమ్మల్ని వేధిస్తున్నారా?" అంటే చాలామంది లేదనే అంటారు. నార్వేలోని బెర్గెన్ పరిశోధకుల ఎన్‌ఏక్యూ-ఆర్ అనే ప్రశ్నావళిలో ఉన్న 22 అంశాల్లో 'వేధింపు' అనే మాటే ఉండదు. గత ఆరు నెలల్లో ఫలానాది ఎంత తరచుగా జరిగిందని అడుగుతారు, 'ఎప్పుడూ లేదు' నుంచి 'రోజూ' దాకా. ఆరుగురున్న టీమ్ ఫలితాలు మాత్రం విడిగా చూపకండి, ఎవరు ఏం రాశారో ఇట్టే తెలిసిపోతుంది. మొదలుపెట్టిన కొత్తలో ఫిర్యాదులు పెరిగితే కంగారు పడొద్దు, నమ్మకం కుదురుతోందేమో చూడండి.

ట్రైనింగ్ మీద మరీ ఆశ పెట్టుకోకండి. ఆరోగ్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ, పనిచోట బుల్లీయింగ్ నివారణ మీద 2017లో చేసిన సమీక్షకు దొరికినవే ఐదు అధ్యయనాలు, వాటి ఆధారమూ బలహీనమే.

మళ్లీ ప్రశ్న:
ఫిర్యాదు వచ్చింది కంపెనీకి బాగా డబ్బు తెచ్చిపెట్టే మేనేజర్ మీదైతే?

జవాబు 1:
అసలు పరీక్ష అక్కడే. అందుకే ఫిర్యాదు తీసుకునేవాళ్లలో ఒకరైనా ఆ మేనేజర్ పైవరసలో లేనివాళ్లు ఉండాలి. రెండు పనిదినాల్లో అందిందని రాతపూర్వకంగా చెప్పండి, నెలలో తేల్చండి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "మాట్లాడుకోండి" అనొద్దు, కింది ఉద్యోగి తలూపి బయటికొచ్చి రాజీనామా రాస్తారు. టీమ్ మార్చాల్సి వస్తే ముందు మేనేజర్నే కదపండి. ఫిర్యాదు చేసినవారి ఆ ఏడాది అప్రైజల్ రేటింగ్ కూడా ఆ మేనేజర్ చేతిలోంచి తీసెయ్యండి. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే.