త్సుయు చేత ఆ క్షమాపణ చదివించడం న్యాయమేనా?

కృష్ణలంక_పిల్ల:
తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. త్సుయుది తైవాన్‌లోని తైనాన్. పదమూడేళ్లకే కొరియా వెళ్లి పాట, డ్యాన్సు శిక్షణలో చేరింది. 2015 అక్టోబరులో జేవైపీ అనే కొరియా సంగీత కంపెనీ తెచ్చిన ట్వైస్ అనే అమ్మాయిల పాటల గ్రూపులో తొమ్మిదిమందిలోకీ చిన్నది. ఆ నవంబరులోనే ఒక కొరియా షో ఇంటర్నెట్ ప్రసారంలో కొరియా జెండాతో పాటు తైవాన్ జెండా కూడా చేత్తో పట్టుకుంది. జనవరిలో, చైనాలో ఉండే తైవాన్ గాయకుడు హువాంగ్ ఆన్ ఈ పిల్ల వేర్పాటువాది అంటూ రచ్చకెక్కించాడు, తైవాన్ తమలో భాగమేనని చైనా అంటుంది కదా. చైనా కార్యక్రమాలు ఆగిపోయాయి, ఫోన్ ప్రకటన చేజారింది. 2016 జనవరి 15 రాత్రి కంపెనీ ఒక వీడియో వదిలింది. నల్ల స్వెటర్, చేతిలో కాగితం, నడుం వంచి దండం. చైనా ఒక్కటేననీ, తాను చైనీయురాలినైనందుకు గర్వపడుతున్నాననీ ఆ కాగితం చూసి చదివింది. అప్పటికి దాని వయసు 16. తెల్లారితే తైవాన్‌లో అధ్యక్ష ఎన్నికలు.

ఆ తర్వాత ట్వైస్ సొంత కచేరీ తైవాన్‌లో జరగడానికి 2025 నవంబరు దాకా పట్టింది. కావ్‌షియుంగ్ స్టేడియంలో రెండు రాత్రులు. ఆ వీడియోలు చూస్తుంటే నాకు ఆ నల్ల స్వెటరే కళ్లముందు కదిలింది. పరాయి దేశంలో పైకి రావాలంటే పుట్టిన ఊరిని దాచుకోవాల్సిందేనా? నా మటుకు నాకు, ఆ కాగితం ఆ పిల్ల చేత చదివించడం పాపం.

పోచంపాడు_కాల్వ:
చెల్లె, బయటి దేశంల పనిచేసినోడికే తెలుస్తది ఆ బాధ. నేను సౌదీల పన్నెండేండ్లు చేసిన. అన్నం పెట్టే తావుల తల వంచుడు తప్పు కాదు. ఆ పిల్ల ఒక్కతి కాదు, ఇంక ఎనిమిది మంది ఉన్నరు గ్రూపుల. మూడు నెల్లు కూడా కాలే అది మొదలై. ఈమె మొండికేస్తే ఆ ఎనిమిది మంది బతుకు ఏం గావాలె? చదివింది, నిలబడ్డది. 2017ల జపాన్ పోయిన్రు, 2019ల టోక్యో డోమ్‌ల పాడిన్రు. 2024ల ఆ పిల్ల ఒక్కతే సొంతంగ ఆల్బం తెచ్చింది. ఆనాడు తల వంచకపోతే ఇయ్యన్ని ఎక్కడివి?

కేపాప్_కావలి:
ట్వైస్ కొరియా గ్రూపు. తైవాన్ గ్రూపు అన్నట్టు మాట్లాడకండి.

కృష్ణలంక_పిల్ల:
తైవాన్ గ్రూపు అని నేనెక్కడ అన్నాను? తైవాన్ పిల్ల అన్నాను.

రిటైర్డ్_చరిత్ర_మాస్టారు:
అసలు విషయం అందరూ వదిలేస్తున్నారు. ఆ అమ్మాయి పట్టుకున్న జెండా ఏది? ఎర్ర నేల, మూల నీలం, అందులో తెల్ల సూర్యుడు. అది 'రిపబ్లిక్ ఆఫ్ చైనా' జెండా. 1928లో చైనా ప్రధాన భూభాగంలోనే జాతీయ జెండా అయింది. 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయిన ప్రభుత్వంతో పాటు తైవాన్ చేరింది. తైవాన్ వేరే దేశం కావాలనేవాళ్లలో చాలామందికి ఆ జెండా అంటేనే గిట్టదు. కాబట్టి ఆ జెండా పట్టుకున్నందుకు వేర్పాటువాది అనడం చరిత్ర ప్రకారమే చెల్లదు. నేరమే లేనప్పుడు క్షమాపణ న్యాయమా అన్న ప్రశ్నే రాదు.

పోచంపాడు_కాల్వ:
మాస్టారూ, మీ జెండా చరిత్ర చైనాల పాట అమ్ముకునేటోనికి అక్కరకు రాదు. వాళ్లు వద్దంటే వద్దు, అంతే.

షిన్చూలో_సిరి:
నేను ఇక్కడ తైవాన్‌లోని షిన్చూలో పీహెచ్‌డీ చేస్తున్నాను, విశాఖ నుంచి వచ్చాను. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి కావ్‌షియుంగ్ కచేరీకి వెళ్లొచ్చింది. సోమవారం గొంతు పూర్తిగా పోయి వచ్చింది. ఆ గ్రూపు లైట్ స్టిక్, క్యాండీ బాంగ్ అంటారు, దాన్ని మైక్రోస్కోప్ పక్కన నిలబెట్టి, నాతో మాట్లాడలేక కాగితం మీద రాసింది: "ఇంటికొచ్చింది." అంతే. 2016లో ఆ వీడియో వచ్చిన రాత్రి వాళ్ల నాన్న టీవీ కట్టేశాడట, వాళ్లమ్మ మళ్లీ పెట్టిందట. ఇద్దరూ ఎప్పుడూ చెరో పార్టీకి ఓటేసే మనుషులు, ఆ రాత్రి మాత్రం ఇద్దరికీ ఒకే కోపం. ఆ ఎన్నికలో గెలిచిన సై ఇంగ్-వెన్ ఆ రాత్రే ఈ పిల్ల సంగతి ప్రస్తావించింది. దిగిపోతున్న అధ్యక్షుడు మా యింగ్-జ్యో అవతలి పార్టీ వాడు, ఆయన కూడా ఆమె క్షమాపణ చెప్పనక్కర్లేదన్నాడు.

మనకీ ఈ సంగతి తెలియనిది కాదు. టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో సింధుని ఓడించిన తై జు యింగ్ ఏ దేశం అని తెర మీద పడింది? చైనీస్ తైపే. ఒలింపిక్స్‌లో తైవాన్‌ని ఆ పేరుతోనే ఆడనిస్తారు. మా ఇంట్లో అందరం అదేదో చైనాలో ఊరనుకున్నాం. ఇక్కడికొచ్చాకే తెలిసింది, ఆ పేరు చూసినప్పుడల్లా వీళ్లకి ఎలా ఉంటుందో.

పాత_క్యాసెట్లు:
చైనా వైపు నుంచే ఒత్తిడి అన్నట్టు రాస్తున్నారు. ఎస్.హెచ్.ఇ అనే పాటల గ్రూపు గుర్తుందా? ముగ్గురూ తైవాన్ అమ్మాయిలే. చైనాలోనూ, చైనీస్ వినే ప్రతి చోటా వాళ్లదే రాజ్యం. 2007లో లోకమంతా చైనీస్ నేర్చుకుంటోంది అని ఒక పాట పాడితే, చైనాకి భజన చేస్తున్నారని సొంత తైవాన్‌లోనే తిట్టారు. జెండా పట్టుకుంటే వాళ్లు తిడతారు, పట్టుకోకపోతే వీళ్లు తిడతారు. తైవాన్ గాయని తెరెసా టెంగ్ చూడండి. జపాన్‌లో అంత పేరు, చైనాలో దొంగచాటుగా క్యాసెట్లు కాపీ చేసుకుని వినేంత పిచ్చి, 1995లో పోయేదాకా చైనా గడ్డ మీద ఒక్క కచేరీ చెయ్యలేదు. అలా ఉండగలగాలంటే తెరెసా టెంగ్ అంతటి మనిషి అయ్యుండాలి. పదహారేళ్ల పిల్లని అడగొద్దు.

పోచంపాడు_కాల్వ:
గదే నేను చెప్తున్న. పదహారేండ్ల పిల్లకు ఏం బలముంటది? చదివింది. దాన్ని పాపం అని మీరంటే, తల వంచి బతికినోళ్లందరు పాపం చేసినట్టేనా?

కృష్ణలంక_పిల్ల:
అన్నా, నేను ఆ పిల్లని ఒక్క మాట అనలేదు. చదివించినవాళ్లని అన్నాను.

పోచంపాడు_కాల్వ:
చదివించినోడే జీతమిచ్చేటోడు. ఆ ఓనర్ పార్క్ జిన్-యంగ్ కూడా క్షమాపణ రాసిండు గద. పిల్ల తల్లిదండ్రులతోని మాట్లాడినంకనే చేసినమని కంపెనీ చెప్పింది. ఇంకేం గావాలె మీకు?

కృష్ణలంక_పిల్ల:
ఆయన ఏం రాశాడో చదివే మాట్లాడుతున్నారా? తల్లిదండ్రుల స్థానంలో ఉండి ఆమెకి సరిగా నేర్పలేకపోయానని రాశాడు. ఏం నేర్పాలి? నీది తైనాన్ కాదని నేర్పాలా? ఆ మాటే నా ఒళ్లు మండిస్తుంది. మీకు మండదు, ఎందుకంటే మీరెప్పుడూ యజమాని వైపే.

పోచంపాడు_కాల్వ:
యజమాని వైపా? నేనా? చెల్లె, సౌదీల మా రూముల ఎనిమిది మందిమి. సైట్ మీద క్లాంపులు మాయమైనయి. ఫోర్‌మెన్ అమ్ముకున్నడని అందరికీ తెలుసు. ఎవడన్న ఒకడు సంతకం పెట్టకపోతే ఎనిమిది మంది అకామా, అంటే ఆడ ఉండే పర్మిటు, ఆపుతమన్నరు. మా రూముల ఒకనికి బిడ్డ పెండ్లి పదిహేను దినాలల్ల ఉన్నది. నేను పెట్టిన. రెండు నెలల జీతం పోయింది. ఇండ్ల ఇప్పటికీ చెప్పలే. నీకు ఏసీ రూముల కూసోని పాపం పుణ్యం అనుడు అల్కగుంటది.

కేపాప్_కావలి:
ఇద్దరూ కాస్త ఆగండి. విషయం పక్కదారి పడుతోంది.

కృష్ణలంక_పిల్ల:
పక్కదారి ఏమీ పట్టలేదు. నాకు ఏసీ రూము లేదన్నా. ఇంటర్ మొదటి సంవత్సరంలో మా హాస్టల్ తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చింది. సాంబారులో పురుగులు ఉంటాయని చెప్పాను, అడిగింది కాబట్టి చెప్పాను. మర్నాడు ప్రార్థనలో మైకు ముందు నిలబెట్టి కాగితం చేతికిచ్చారు. అబద్ధం చెప్పి సంస్థకి చెడ్డపేరు తెచ్చానని నేనే రాసుకున్నట్టు ఉంది. దస్తూరి మాత్రం ప్రిన్సిపల్‌ది, 'ళ' కింద తోక అంత పొడుగ్గా లాగేది ఆయనొక్కడే. మా నాన్న వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని కూడా పిలిపించి ఒప్పించారు, అచ్చం వాళ్ల తల్లిదండ్రుల్ని ఒప్పించామని ఆ కంపెనీ చెప్పినట్టే. నాకు అప్పుడు 16.

చదవకుండా ఉండాల్సిందని నేను ఎవర్నీ అనను. నేనూ చదివాను. నేను అడిగేది ఒక్కటే. ఆ కెమెరా ముందు ఆ ఓనరు నిలబడి, ఈమెని పంపింది నేను, తప్పైతే నాది అని చదివితే కంపెనీ మునిగిపోయేదా? ఆయన కాగితం మీద రాశాడు. మొహం మాత్రం పిల్లది పెట్టాడు.

పాత_క్యాసెట్లు:
చైనా జనానికి కావాల్సింది ఆమె మొహమే కదా. ఆయన మొహంతో వాళ్ల కోపం తీరేది కాదు.

కృష్ణలంక_పిల్ల:
అందుకే ఇవ్వకూడదు.

రిటైర్డ్_చరిత్ర_మాస్టారు:
జెండా గురించి నేను రాసిందానికి ఇంతవరకు ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు.

షిన్చూలో_సిరి:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. మా ల్యాబ్ అమ్మాయి కూడా అదే అంటుంది, తనకీ ఆ జెండా పెద్దగా ఇష్టం లేదు. కానీ ఆ రోజు దాన్ని పట్టుకున్న చెయ్యి తమ ఊరి పిల్లది. అంతవరకే చూశారు వీళ్లు.

పోచంపాడు_కాల్వ:
చెల్లె, ఏసీ రూము అన్నందుకు ఏమనుకోకు. మీ నాయన సంగతి చదివినంక చాలాసేపు ఫోన్ పక్కన పెట్టిన. ఆయన నిలబడ్డ తీరు నాకు ఎర్కే. నాకూ బిడ్డ ఉన్నది, పదో తరగతి.

కానీ ఓనర్ మొహం పెట్టాలె అంటున్నవు చూడు, అసొంటి ఓనర్‌ను నేను పన్నెండేండ్లల చూడలే. అందుకే అడిగే ఆలోచన కూడా రాలే. ఇంకోటి చెప్త. ఆ పిల్ల చదివింది దాని భాషల. ఏం చదువుతున్నదో దానికి తెలుసు. నేను సంతకం పెట్టిన కాయితం అరబ్బీల ఉండె. అందుల ఏం రాసిన్రో నాకు ఇప్పటిదాక తెల్వది.

కృష్ణలంక_పిల్ల:
ఆ కాగితం కాపీ ఏమైనా మీ దగ్గర ఉందా అన్నా?

పోచంపాడు_కాల్వ:
ఉన్నది. ఇంట్ల పెట్టెల ఉన్నది. పాస్‌పోర్ట్ కింద.