కాపాడవలసినవారే కూల్చవచ్చా? స్కార్పా పని గురించి ఒక సందేహం

శిరీష_ఆర్కి:
నమస్కారం. ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. పాత కట్టడాల పునరుద్ధరణ, మ్యూజియంల రూపకల్పనలోనే స్థిరపడాలని నా కోరిక. ఇటలీలో వెరోనా నగరపు కాస్తెల్‌వెక్కియో కోటను మ్యూజియంగా తీర్చిదిద్దిన కార్లో స్కార్పా, అందులో కొంత భాగాన్ని కూల్పించారట. అలా చేయవచ్చా?

సున్నపుగోడ:
అమ్మా శిరీషా, పద్నాలుగేళ్లుగా పాత గోడలతోనే నా బతుకు. వెరోనా వెళ్లినప్పుడు రెండు రోజులూ ఆ కోటలోనే గడిపాను.

కోట 14వ శతాబ్దానిది. నెపోలియన్ కాలంలో లోపల సైనికుల వసతి కట్టారు. 1920లలో దాని ముఖానికి వేరే చోటి గోతిక్ (మధ్యయుగపు ఐరోపా శైలి) కిటికీలు తెచ్చి అతికించి, రాజభవనంలా చూపించారు. స్కార్పా అసలు పని 1958-64 మధ్య సాగింది. ఆ వసతి చివరి అంకణాన్ని తీయించారు. దాని చాటున ఉన్న పాత నగర గోడ బయటపడింది. ఆ ఖాళీలోనే, ఎత్తైన కాంక్రీటు దిమ్మె మీద, ఒకప్పుడు వెరోనాను ఏలిన కాన్‌గ్రాందె గుర్రమెక్కిన విగ్రహాన్ని నిలిపారు. కింది నుంచి తల ఎత్తి చూస్తాం, పైకి వెళ్లాక ఆయన నవ్వు దగ్గరగా కనిపిస్తుంది. అతికించిన కిటికీలను మాత్రం పీకించలేదు. వాటి వెనుక తన చట్రాలను, వాటితో కలవకుండా, విడిగా బిగించారు.

నన్ను కట్టిపడేసింది నేల. కొత్త నేల పాత గోడను తాకదు. అంచున లేతరంగు రాతిపట్టీ, దాని పక్కన సన్నని పల్లం, ఆ తరువాతే గోడ. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను.

నా మొదటి పనిలో పాతదానికీ కొత్తదానికీ మధ్య అలాంటి ఎడం పాటించలేదు. గానుగ సున్నపు గోడకు సిమెంటు పూత వేయడానికి ఒప్పుకున్నాను. రెండు వానాకాలాలకే తేమ లోపల చిక్కి, పూత పెచ్చులుగా రాలింది. దానితోపాటు పాత గచ్చూ పోయింది. ఆ గోడ గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

రాతిపని_రవి:
ఇంకో మాట. స్కార్పా వాస్తుశిల్పిగా లైసెన్సు పరీక్ష రాయలేదు, దానివల్ల కోర్టు కేసు కూడా ఎదుర్కొన్నారు. అంతకుముందు ఏళ్ల తరబడి వెనిస్ దగ్గరి మురానో దీవి గాజు పనివారితో కలిసి పనిచేశారు. మీరు పరీక్ష తప్పక రాయండి, కానీ పనివారి పక్కన కూర్చోవడం ఇప్పుడే మొదలుపెట్టండి.

శిరీష_ఆర్కి:
సున్నపుగోడ గారూ, మీ పని చూడటానికి రావచ్చా?

సున్నపుగోడ:
తప్పకుండా రా అమ్మా. సోమవారం సున్నంలో కలపడానికి కరక్కాయ, బెల్లం నానబెడుతున్నాం. పాత బట్టలు వేసుకుని రా.