పాత ఇంజన్‌కి జింక్ విడిగా పొయ్యాలా, ఆయిల్లో ఉన్నది చాలా?

పాతకార్బురేటర్:
నాది 1978 మోడల్ పెట్రోల్ కారు. పుష్‌రాడ్ ఇంజన్ (క్యామ్ కింద ఉండి కడ్డీలతో వాల్వుల్ని తెరిచేది), ఫ్లాట్ ట్యాపెట్లు (రోలర్ లేకుండా క్యామ్ మీద నేరుగా జారే ముక్కలు), కాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) లేదు. హెడ్ ఒకసారి దింపారు గానీ వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ ఫ్యాక్టరీలో వేసిందే. ఆయిల్ తాగదు, పొగ రాదు, వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెషర్ నిలబడుతుంది. ఇన్నాళ్లూ చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తున్నాను. మొన్న ఆయిల్ మార్చేటప్పుడు మా మెకానిక్, "ఇప్పటి ఆయిళ్లలో జింక్ తీసేశారు, సీసా విడిగా కొని పొయ్యకపోతే క్యామ్ అరిగిపోతుంది" అన్నాడు. నా స్నేహితుడేమో డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని (ఆయిల్ నాణ్యత గుర్తు) ఉంటే అది పాతవాటన్నిటికంటే మేలైందే, అందులో ఏదీ కలపొద్దంటాడు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. సీసా కొని పెట్టాను, ఇంకా మూత తియ్యలేదు. మీ బళ్లకు మీరేం చేస్తున్నారో, ఎందుకో చెప్పండి.

రెండోగేరు:
మెకానిక్ మాట వినండి. నాకు చేతులు కాలాకే తెలిసింది. ఇంజన్ మొత్తం విప్పి కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు, ఫ్యాక్టరీవాటికంటే గట్టి వాల్వ్ స్ప్రింగులు వేయించాను. మంచి పేరున్న 5డబ్ల్యూ-30 సింథటిక్ పోశాను. 600 కిలోమీటర్లు తిరక్కుండానే ఒక సిలిండర్ మిస్ కొట్టడం మొదలైంది. వాల్వ్ కవర్ తీసి చూస్తే ఒక రాకర్ (వాల్వును నొక్కే చెయ్యి) సగమే లేస్తోంది. క్యామ్ బయటికి తీశాక చూస్తే ఆ లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) ముక్కు అరిగి గుండ్రంగా అయిపోయింది, దాని ట్యాపెట్ అడుగు గిన్నెలా గుంట పడింది. ఆ ఇనుపపొడి బేరింగులన్నిటినీ గీసేసింది. మళ్లీ మొదటినుంచి పని. అప్పటినుంచి ప్రతి ఆయిల్ మార్పుకీ సీసా పోస్తున్నాను, ఇంకో లోబ్ పోలేదు.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. 2004లో ఏపీఐ ఎస్‌ఎం అనే ఆయిల్ ప్రమాణం వచ్చినప్పుడు 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలుచటి గ్రేడ్లలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి, అంటే 800 పీపీఎంకి (పది లక్షల్లో 800 వంతులకి), దించేశారు. అంతకుముందు అది 1000 దాకా ఉండేది, ఇంకా వెనక్కి వెళ్తే అంతకంటే ఎక్కువే. ఫాస్ఫరస్ తగ్గిందంటే జింక్ తగ్గినట్టే, రెండూ ఒకే పదార్థంలో వస్తాయి. ఎందుకు దించారు? మన క్యామ్‌ల కోసం కాదు, కాటలిటిక్ కన్వర్టర్ల కోసం, ఫాస్ఫరస్ వాటిని పాడుచేస్తుంది కాబట్టి.

ఫీలర్‌గేజ్:
రెండోగేరు గారూ, మీ నష్టం నాకు అర్థమవుతుంది, నేనూ ఒక క్యామ్ పోగొట్టుకున్నవాణ్ణే. ఒక్కటి అడుగుతాను. ఆ ఇంజన్ మొదటిసారి స్టార్టయిన వెంటనే 2000 ఆర్‌పీఎం పైకి లేపి 20 నిమిషాలపాటు అక్కడే ఉంచారా, ఐడిల్‌లో వదిలారా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఫ్లాట్ ట్యాపెట్ చావు చాలాసార్లు ఆ మొదటి అరగంటలోనే రాసిపెట్టి ఉంటుంది. లోబ్‌కి కొద్దిగా వాలు, ట్యాపెట్ అడుగుకి కంటికి కనపడనంత ఉబ్బు ఉంటాయి. వాటి వల్లే ట్యాపెట్ తన గూట్లో గిర్రున తిరుగుతుంది. తిరగని ట్యాపెట్ బతకదు. ఐడిల్‌లో క్రాంకు నుంచి చిమ్మే ఆయిల్ చాలదు, పైగా లోబ్ ముక్కు మీద స్ప్రింగ్ బరువు పూర్తిగా పడేది అప్పుడే. కొత్త క్యామ్‌కి మాలిబ్డినం పేస్టు పూయడం, జంట స్ప్రింగులుంటే బ్రేక్-ఇన్ (కొత్త క్యామ్, ట్యాపెట్లు జత కుదరడం) అయ్యేదాకా లోపలిది తీసి ఉంచడం అందుకే.

పాతకార్బురేటర్ గారి బండి సంగతి వేరు. ఆ క్యామ్ నాలుగు దశాబ్దాలకు పైగా తిరిగి, ట్యాపెట్లతో జత కుదిరిపోయింది. స్ప్రింగులు ఫ్యాక్టరీవే. ఇప్పటి ఆయిళ్లను పరీక్ష లేకుండా వదలరు. సీక్వెన్స్ 4ఏ అనే పరీక్ష నిస్సాన్ కేఏ24ఈ ఇంజన్ మీద చేసేవారు. అందులో రోలర్లు లేవు, రాకర్ నేరుగా క్యామ్ మీద జారుతుంది. 100 గంటలు నడిపి లోబ్ అరుగుదల కొలుస్తారు. సీక్వెన్స్ 3జీలో అయితే ఫ్లాట్ ట్యాపెట్లే పెట్టారు. 800 పీపీఎం ఆయిళ్లు ఆ రెండూ దాటి వచ్చినవే.

రెండోగేరు:
నిజమే చెబుతాను. స్టార్ట్ అవలేదు. కార్బురేటర్‌లో పెట్రోల్ లేక చాలాసేపు క్రాంక్ చేశాం, తర్వాత టైమింగ్ సరిచేస్తూ పది నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచాం. అది తప్పేనని ఒప్పుకుంటున్నాను.

కానీ పరీక్షల మాట పూర్తిగా ఒప్పుకోను. ఆ ఇంజన్ల స్ప్రింగులు నావి కావు, ఆ లిఫ్టు (వాల్వు లేచే ఎత్తు) నా క్యామ్‌ది కాదు. నెలకొకసారి తీసే బండి లోబ్‌ల మీద ఆయిల్ పూర్తిగా జారిపోయి ఉంటుంది. అలాంటి చలి స్టార్టులు ఏ ల్యాబ్ లెక్కేసింది? డీజిల్ ఆయిళ్ల సంగతి చూడండి. సీకే-4 అనే డీజిల్ ఆయిల్ ప్రమాణం వచ్చినప్పుడు ఫోర్డ్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు, తన డీజిల్ ఇంజన్లకు ఫాస్ఫరస్ కనీసం 1000 పీపీఎం ఉండాలని సొంత ప్రమాణం పెట్టుకుంది. ఇంజన్ తయారుచేసినవాళ్లకే నమ్మకం చాలనప్పుడు నన్ను నమ్మమంటే ఎలా?

గాజుపొర:
నేను కొన్నేళ్లు లూబ్రికెంట్ ల్యాబ్‌లో పనిచేశాను. ఇద్దరూ సగం సగం సరిగ్గా ఉన్నారు గానీ వాదన సీసా చుట్టూ తిరుగుతోంది, అదే నన్ను బాధపెడుతోంది.

మనం జింక్ అంటున్నది జెడ్‌డీడీపీ అనే సమ్మేళనం. జింక్, ఫాస్ఫరస్, గంధకం మూడూ అందులో ఉంటాయి. 1940లలో దీన్ని ఆయిల్లో వేసింది ఆయిల్ పాడవకుండా, బేరింగులు తినిపోకుండా. అరుగుదలను కూడా ఆపుతుందని తర్వాత బయటపడింది. లోబ్, ట్యాపెట్ రాసుకునే చోట వేడికీ ఒత్తిడికీ ఇది విరిగి, ఇనుము మీద గాజులాంటి ఫాస్ఫేట్ పొర కడుతుంది. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు లెక్కన ఉంటుంది. ఇనుముకి బదులు ఆ పొర అరుగుతుంది, అరిగినచోట మళ్లీ కడుతుంది. రాత్రి ఆయిల్ జారిపోయినా ఆ పొర జారిపోదు, లోహానికి అంటుకునే ఉంటుంది. చలి స్టార్టులో మిమ్మల్ని కాపాడేది అదే, రెండోగేరు గారూ.

అయితే పొర తిరిగి కట్టుకోవడానికి సరిపడా సరుకు ఉంటే చాలు. అంతకుమించి పోస్తే పొర దళసరి అవదు. 1400 పీపీఎం ఫాస్ఫరస్ దాటితే దీర్ఘకాలంలో అరుగుదల పెరిగే వీలుంది. 2000 దగ్గరికి వెళ్తే లోబ్ లోహాన్నే తిని పెచ్చులూడగొట్టే ప్రమాదం ఉంది. ఇప్పుడు లెక్క చూడండి. 20డబ్ల్యూ-50 ఆయిల్లో 1200 ఉందనుకుందాం. మీ సీసా ఇంకో 700 చేరుస్తుందనుకుందాం. 1900. కాపాడుకుందామని పోసింది క్యామ్‌ని తినే హద్దు దాకా వచ్చేసింది.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆయిల్లో మురికి కడిగే కాల్షియం డిటర్జెంట్లు కూడా అదే లోహం మీద చోటు కోసం జెడ్‌డీడీపీతో పోటీపడతాయి. ఆయిల్ తయారీవాళ్లు ఆ రెంటినీ తూచి కలుపుతారు. జెడ్‌డీడీపీలోనూ రకాలున్నాయి, కొన్ని తక్కువ వేడికే పనిలోకి దిగుతాయి, కొన్ని ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. సీసాలో ఏ రకం ఉందో దానిమీద రాయరు. డిటర్జెంట్ ఎక్కువున్న డీజిల్ ఆయిల్‌ను జింక్ ఉందన్న ఒక్క కారణంతో పెట్రోల్ ఇంజన్‌లో పొయ్యడం కూడా నాకు నచ్చదు.

అందుకని సీసా కాదు, ఆయిల్ తయారీవాళ్లు ఇచ్చే డేటా షీట్ (అందులో ఏదెంత ఉందో చెప్పే కాగితం) చదవండి. ఎస్‌ఎం నుంచి ఎస్‌పీ దాకా ఆ 800 హద్దు పలుచటి గ్రేడ్లకే ఉంది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు ఆ పైహద్దు వర్తించదు. ఎస్‌పీ అని రాసి ఉన్నంతమాత్రాన 20డబ్ల్యూ-50లో జింక్ పోయినట్టు కాదు. ఫ్యాక్టరీ స్ప్రింగులున్న ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్‌కి 1000 నుంచి 1200 మధ్య ఉంటే నేను నిశ్చింతగా పడుకుంటాను. సీసా అవసరమయ్యేది ఒక్క చోటే: కొత్త క్యామ్ బ్రేక్-ఇన్. అప్పుడు కూడా దానికోసమే చేసిన ఆయిల్ దొరికితే అదే మేలు.

పదహారువాల్వులు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది 1992 కారు, క్యామ్ పైన ఉంటుంది, రోలర్లు లేవు, కన్వర్టర్ ఉంది. నేనేం చెయ్యాలి?

గాజుపొర:
ఫాస్ఫరస్ కన్వర్టర్‌కి చేరేది కాలిన ఆయిల్‌తోనే. మీ ఇంజన్ ఆయిల్ తాగుతుంటే ముందు రింగులు, వాల్వ్ సీళ్లు చూపించండి, ఏ ఆయిల్ పోసినా కన్వర్టర్ నిలవదు. తాగకపోతే మీ మాన్యువల్‌లో 10డబ్ల్యూ-40 ఉందేమో చూసి, డబ్బా మీద ఏసీఈఏ ఏ3/బీ4 (యూరప్ ఆయిల్ ప్రమాణం) అని ఉన్నది పొయ్యండి. జింక్ సీసా మాత్రం మీ బండికి వద్దు.

ఫీలర్‌గేజ్:
డేటా షీట్ మాటకు నేనూ ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీ స్ప్రింగులకు 800 కూడా చాలునని నా నమ్మకం, దాన్ని మార్చుకోను.

రెండోగేరు:
గట్టి స్ప్రింగులున్నవాణ్ణి కాబట్టి నా హద్దు 1300 దగ్గర పెట్టుకుంటాను. ఆ లెక్కకు సరిపోయే ఆయిలే కొంటాను, సీసా ఆపేస్తున్నాను. నేను పోస్తున్న ఆయిల్లో ముందే ఎంత ఉందో ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. 5డబ్ల్యూ-30 మాత్రం ఆ ఇంజన్‌లో మళ్లీ పొయ్యను.

పాతకార్బురేటర్:
నా 20డబ్ల్యూ-50 డేటా షీట్ దొరికింది. ఫాస్ఫరస్ 1100, జింక్ 1200. సీసా మూత తియ్యకుండానే వెనక్కి ఇచ్చేస్తున్నాను. మా మెకానిక్‌కి ఆ కాగితం చూపిస్తే, తను పలుచటి ఆయిళ్ల గురించి విన్నది అన్నిటికీ అనుకున్నానన్నాడు. ఆదివారం వాల్వ్ కవర్ తీసి, డయల్ ఇండికేటర్ పెట్టి, ఎనిమిది వాల్వులూ ఎంతెంత లేస్తున్నాయో కొలుస్తాం. అంకెలు ఇక్కడే రాస్తాను. ఏదైనా ఒకటి మిగతావాటికంటే తక్కువ లేస్తుంటే మళ్లీ మిమ్మల్నే అడగాలి.