వంగడం వేరు, కుంగడం వేరు: డిఫ్లెక్షన్‌కి ఏ మాట?

బీమ్‌ని దూలం అనడంలో ఎవరికీ పేచీ లేదు. బెండింగ్‌కి వంపు అన్నదీ బాగానే కుదిరింది. కానీ డిఫ్లెక్షన్‌ని (బరువు పడ్డాక దూలంలో ఒక చోటు తన మట్టం నుంచి ఎంత జరిగిందో అది) కూడా వంపు అనే రాస్తున్నారు కొందరు. నాకు మింగుడుపడనిది అదే.

ఒక కొస గోడలో బిగించి, రెండో కొస గాలిలో వదిలేసిన కాంటిలీవర్ దూలాన్ని తీసుకోండి. సరిగ్గా మధ్యలో ఒక బరువు వేలాడదీయండి. దూలం సొంత బరువు పక్కన పెడితే, బెండింగ్ మొమెంట్ (దూలాన్ని వంచే తిప్పుడు ప్రభావం) గోడ దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చి బరువు దగ్గర సున్నా అవుతుంది. ఆ తర్వాతి సగంలో షియర్ ఫోర్సూ (పక్కపక్క ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి జార్చబోయే బలం) లేదు, మొమెంటూ లేదు. కాబట్టి ఆ సగం వంగదు, గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. అయినా అన్నిటికన్నా కిందికి దిగేది దాని కొసే! బరువున్న చోటు ఎంత దిగిందో, కొస దానికి రెండున్నర రెట్లు దిగుతుంది. గోడ దగ్గరేమో బాగా వంగుతుంది, వెంట్రుకవాసి కూడా దిగదు. ఇప్పుడు "వంపు ఎక్కడ ఎక్కువ?" అని అడిగితే ఏం చెప్పాలి?

కుంగు అనే మాట మనకు ఉండనే ఉంది. వంగడం ఆకారం సంగతి, కుంగడం మట్టం సంగతి. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నవారు ఆకారం గురించే అన్నారు. లెక్క కూడా వాళ్ల పక్షమే: గుండ్రటి కాండం వ్యాసం రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు 16 రెట్లవుతుంది.

జవాబు: కుంగు చక్కటి మాటండీ. కానీ రెండు చిక్కులు. పునాది కుంగడం అని ఇప్పటికే అంటున్నాం, అది సెటిల్‌మెంట్. పైగా మూడు ఆనికల మీదుగా సాగే దూలంలో ఒక పక్క బరువు పెడితే రెండో పక్క పైకి లేస్తుంది. పైకి లేచినదాన్ని కుంగు అని ఎలా అంటాం? స్థానభ్రంశం అంటే సరిపోదా?

జవాబు: స్థానభ్రంశం పొడవునా కావచ్చు, పక్కకూ కావచ్చు. మరీ విశాలమైన మాట. పైకి లేస్తే లేచింది అనే అందాం. పునాదిలోనూ పడిపోయేది మట్టమే కాబట్టి దూలం కుంగు, పునాది కుంగు అని విడదీస్తే చాలు.

ఇంకొకటి. బెండింగ్ మొమెంట్‌ని వంపు భ్రామకం అని రాయకండి. వంపు ఫలితం, భ్రామకం దానికి కారణం. వంచే భ్రామకం అంటే అర్థం నేరుగా అందుతుంది.

జవాబు: వంచే భ్రామకం నచ్చింది, ఇకపై అదే రాస్తాను. షియర్ ఫోర్స్‌కి కోత బలం అంటున్నారు గానీ, కోత అనగానే తెగిపోయినట్టు తోస్తుంది. దూలం చెక్కుచెదరకుండా ఉన్నా ఆ బలం లోపల ఉంటుంది కదా, పక్కపక్కనున్న రెండు ముక్కల్లో ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి జార్చబోతూ. ఆ జారబోవడాన్ని పట్టే మాట ఎవరికైనా తడితే చెప్పండి.