బ్యాంకాక్, సింగపూర్: ఏప్రిల్, సెప్టెంబరు, డిసెంబరుల్లో ఏది మేలు?

ప్రశ్న (కొత్త బాటసారి):
రెండు ఊళ్లూ ఒకే ప్రయాణంలో చూడాలండీ. ఏప్రిల్ చివర, సెప్టెంబరు మధ్య, డిసెంబరు మొదట్లో సెలవు దొరుకుతుంది. వెంట అరవై దాటిన అమ్మానాన్న వస్తున్నారు. వానల నెల అంటే గదిలో కూర్చోవాల్సిందేనా?

ఈశాన్యగాలి:
డిసెంబరు. రెండు ఊళ్లనీ ఒకే గాటన కట్టకండి. బ్యాంకాక్‌లో కాలాలు స్పష్టంగా మారతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి పొడి, మార్చి నుంచి మే మధ్య దాకా మండే ఎండ, ఆపైన అక్టోబరు దాకా వాన. సింగపూర్ భూమధ్యరేఖకి ఒక్క డిగ్రీ పైన ఉంది కాబట్టి ఏడాదంతా పగలు 31, 32 డిగ్రీలే. మారేది వాన తీరు.
పెద్దవాళ్లకి అసలు గండం వాన కాదు, ఏప్రిల్. బ్యాంకాక్‌లో 35 దాటిన ఎండకి గాలిలో తేమ తోడైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రాత్రిళ్లూ తెరిపి ఉండదు.

చినుకులెక్క:
సెప్టెంబరు కూడా వద్దండీ. బ్యాంకాక్‌లో ఎక్కువ వాన పడేది ఆ నెలలోనే, రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయి. సింగపూర్‌కి కొన్ని ఏళ్లలో, పక్కనున్న ఇండోనేసియా దీవి సుమత్రాలోని అడవుల మంటల పొగ వస్తుంది. 2015, 2019లో అలాగే కమ్మేసింది.

కొత్త బాటసారి:
డిసెంబరులో సింగపూర్‌లో ముసురు అంటున్నారు కదా?

చినుకులెక్క:
ముసురు పట్టొచ్చు, రోజూ కాదు. మామూలుగా పొద్దున వేడెక్కిన గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మబ్బు కట్టి, గంటా రెండు గంటలు దంచి వెలుస్తుంది. అందుకని బయట తిరుగుడు 7 నుంచి 11 లోపు ముగించి, మ్యూజియం లాంటివి మధ్యాహ్నానికి ఉంచండి. ఈశాన్య రుతుపవనం ఉధృతమైతే మాత్రం రెండు మూడు రోజులు ఆగి ఆగి పడుతూనే ఉంటుంది. తేదీ మార్చుకునే వీలు లేని టికెట్లు ఆరుబయటి వాటికి ముందే కొనకండి. ఉరుములు మొదలైతే ఈతకొలనులు, చెట్ల మధ్య ఎత్తైన నడకదారులు మూసేస్తారు.

ఈశాన్యగాలి:
ఇంకొకటి. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తీస్తే చల్లటి లెన్స్ మీద ఆవిరి పట్టి మసకబారుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. జిప్ సంచిలో మూసి బయటికి తెచ్చి, అరగంట ఆగి తెరవండి. జీన్స్ తడిస్తే మర్నాటికీ ఆరవు, పల్చటి పాలిస్టర్ ప్యాంట్లు పెట్టుకోండి. సింగపూర్ మాల్స్‌లో చలి ఎక్కువ, అమ్మగారికి శాలువా ఉండాలి.